దిక్కు – దుర్గము – ధాత కరువు

తెలుగులో 'దిక్కు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. తూర్పు, పడమర మొదలైనవి ఒకటి. ఆపదలో ఆదుకొనే అండ రెండవది. మాట సంస్కృతం నుండి వచ్చినదే అయినా, ఈ రెండవ అర్థం మాత్రం మన జనం బతుకులో నుండి పుట్టినదని నాకనిపిస్తుంది. ఎటు పోవాలో తెలియనివాడూ, ఎవరూ లేనివాడూ మనకు ఒక్కడే. ఇద్దరినీ దిక్కులేనివాడనే అంటాము. "దిక్కులేనివారికి దేవుడే దిక్కు" అన్న సామెతను ఏ మతం వారైనా సంకోచం లేకుండా వాడుకొంటారు.

క్రైస్తవ వాఙ్మయంలో ఈ దిక్కుకు మరికొన్ని పర్యాయపదాలున్నాయి. తెలుగు బైబిలులో కీర్తనల గ్రంథం విప్పితే దేవుణ్ణి ఆశ్రయమనీ, శైలమనీ, కేడెమనీ, కోట అనీ, దుర్గమనీ పిలవడం అడుగడుగునా కనిపిస్తుంది. ఆశ్రయదుర్గము అన్న సమాసం కూడా ఉన్నది. మా అనంతపురం సీమవాడికి ఈ మాట అర్థం కావడానికి నిఘంటువుతో పనిలేదు. కంబదూరు నుండి ఉత్తరంగా పోతే కళ్యాణదుర్గం. ఇంకా ముందుకు పోతే రాయదుర్గం. ఆగ్నేయాన పెనుకొండ. దూరాన గుత్తి. ఎక్కడ గుండ్రాళ్ళ కొండ కనిపించినా దానిమీద ఎవరో ఒక రాజో పాళెగాడో గోడ కట్టకుండా వదలలేదు. దుర్గము అంటే పోవ శక్యము కానిది అని వ్యుత్పత్తి. శత్రువుకు పోవ శక్యము కానిది కనుకనే లోపలివానికి అది రక్షణ.

అయితే ఈ దుర్గములన్నీ గుర్రాలమీద వచ్చే శత్రువు కోసం కట్టినవి. మా సీమకు అసలైన శత్రువు గుర్రమెక్కి రాదు, ఆకాశం నుండి రావలసినది రాకపోవడమే దాని దండయాత్ర. ఆ శత్రువుకు ఏ గోడా అడ్డం కాదు. కోటలో ధాన్యపు కొట్లుంటే అవి కోటలోని వారికే. ఊరి చివరి గుడిసెలలోని వారికి ఆ ద్వారం ఏనాడూ తెరుచుకొన్నది కాదు. మరి వారికి ఏది దుర్గము? ఈ వ్యాసంలో నేను విచారించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

కంబదూరు పాత ఊరు. నొళంబుల, చాళుక్యుల నాటి శిల్పరీతి కలిగిన మల్లికార్జునాలయం ఇక్కడ ఉన్నది. వెయ్యేండ్ల నాడు కూడా ఈ రాళ్ళ నడుమ మనుషులు ఒక అండను వెదుక్కొన్నారనడానికి అదే సాక్ష్యం. ఎఱ్ఱ నేల, పలుచని మన్ను, కింద బండ. నైరుతి పవనాలు పడమటి కనుమలలోనే తమ నీళ్ళు దిగవిడిచి వస్తాయి, ఈశాన్య పవనాలు తూర్పు తీరంలోనే అలసిపోతాయి. జిల్లా సగటు వర్షపాతం సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. సగటు అన్న మాట కూడా మోసమే. మూడేండ్లు చుక్క రాల్చక నాలుగో యేట చెరువు తెగేలా కురిసినా సగటు సగటే. ఒకప్పుడు జొన్న, కొఱ్ఱ, ఆరిక, ఉలవ వేసేవారు. తరువాత వేరుశనగ వచ్చి పొలమంతా పరచుకొన్నది. పంట మారినా ఆకాశం వైపు చూడడం మారలేదు. బెంగుళూరు బస్సెక్కడమూ మానలేదు.

కీర్తనలు పుట్టిన దేశం కూడా ఇటువంటిదేనని చాలామందికి తెలియదు. యూదయ అరణ్యం అంటే మన దండకారణ్యం వంటి చెట్ల అడవి కాదు, బోడి కొండలు, గుహలు, ఎండిన వాగులు, అక్కడొక ఊట, ఇక్కడొక ఊట, వాటి చుట్టూ గొఱ్ఱెల కాపరులు. సౌలు రాజు తరుముతుంటే దావీదు దాగినది ఆ గుహలలోనే. కొన్ని కీర్తనలకు "గుహలో ఉన్నప్పుడు", "యూదా అరణ్యంలో ఉన్నప్పుడు" అన్న అర్థమిచ్చే శీర్షికలు నేటికీ ఉన్నాయి. రాయీ, కోటా అని దేవుణ్ణి పిలిచినవాడు రాళ్ళ మధ్య ప్రాణభయంతో పరుగెత్తినవాడు. మృత సముద్రపు గట్టున హేరోదు కోట ఉన్న కొండ పేరు మసాదా. హీబ్రూలో ఆ మాటకు కోట అనే అర్థం.

అంతకంటే ముఖ్యమైనది రూతు గ్రంథం. అది కరువుతో మొదలవుతుంది. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ రొట్టెల ఇంటిలోనే రొట్టె లేక ఒక కుటుంబం మోయాబు దేశానికి వలస పోతుంది. అక్కడ ముగ్గురు మగవారూ చనిపోగా నయోమి ఒక కోడలితో తిరిగి వస్తుంది. వచ్చి, తనను మధురము అన్న అర్థమిచ్చే పాత పేరుతో పిలవవద్దనీ, చేదు అన్న అర్థమిచ్చే పేరుతో పిలవమనీ ఊరి ఆడవారితో అంటుంది. దేవుడే తనకు చేదు కలిగించాడని నోరు విడిచి చెబుతుంది. ఆమె దేవుణ్ణి విడిచినది కాదు, నిందించడం మానినదీ కాదు. నూట యాభై కీర్తనలలో మూడో వంతుకు పైగా ఇటువంటి మొఱలే. ఎందుకు మఱచితివి, ఎందాక ఊరకుందువు అని నిలదీసేవే. శరణు అంటే కష్టం లేకపోవడం అని బైబిలు ఎక్కడా చెప్పలేదు. కష్టాన్ని ఎవరి ముందు చెప్పుకొంటే తోసివేయబడమో ఆ చోటు పేరే శరణు. ఈ అర్థాన్ని మనసులో ఉంచుకొని మన చరిత్ర చూద్దాం.

1876, 1877 సంవత్సరాలు మన పంచాంగంలో ధాత, ఈశ్వర. ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని విడిపోలేదు. 1876లో వానలు పూర్తిగా ఎగబోయాయి. మఱుసటి యేడు కూడా అదే తీరు. ఒకవైపు 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. మరొకవైపు సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు ఖర్చును అదుపు చేయడానికి వచ్చి, సహాయపు పనులలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, అనగా సుమారు 450 గ్రాములు, లెక్కకు కుదించాడు. పై ఖర్చుకు ఏదో కొంచెం పైకం. మన్ను తవ్వే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ వాదన గెలిచేలోగా ఎందరో పోయారు. దక్షిణ భారతమంతటా అర కోటికి పైబడి జనం చనిపోయారని అంచనా. 1871 లెక్కతో పోలిస్తే 1881 నాటికి బళ్ళారి జిల్లా జనసంఖ్య సుమారు ఐదో వంతు తగ్గింది. అంటే కంబదూరు వంటి ఊరిలో ప్రతి ఐదు గడపలకు ఒకటి మూతపడినట్లు ఊహించుకోవాలి.

ఈ కరువు తరువాతనే తెలుగు దేశంలో క్రైస్తవ సంఘాలు ఒక్కసారిగా పెరిగాయి. అందుచేత ఒక నింద కూడా పుట్టింది. వీరు గంజి కోసం మారిన వారు అని. పండిత శిక్షణలో ఉండగా నా సహాధ్యాయి ఒకడు, నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "ఇంతకూ మీ ముత్తాత ఏ కరువులో మారాడోయ్?" అని అడిగాడు. ద్వేషంతో కాదు, నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వుకు సమాధానం చెప్పాలంటే చరిత్ర చదవాలి. మా జిల్లాలో ఆ నాటి లండన్ మిషన్ పని చిన్నది. ఈ నిందను పరీక్షించడానికి కావలసిన ఆధారం మాకు తూర్పున, ఒంగోలులో దొరుకుతుంది.

తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చాలాకాలం ఎండిన చెట్టులా ఉండేది. మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. దానినే ప్రార్థన కొండ అంటారు. 1866లో ఎఱ్ఱగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వర్తకం చేసుకొంటూ ఊరూరా తిరిగేవాడు. అంతకు ముందే రాజయోగ మార్గంలో గురువులను ఆశ్రయించి, పరమాత్మ ఎక్కడ అని వెదికినవాడు. జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథంలో చెప్పులు కుట్టుకొనే ఈ జనం ఆధ్యాత్మిక అన్వేషణ అంతా వివరంగా ఉన్నది. చదువరులు గమనించవలసిన విషయం ఒకటి. పేరయ్య దారి మళ్ళినది కరువుకు పదేండ్ల ముందు. ఆకలి రాకముందే ఆ వాడలలో దాహం ఉన్నది.

ఇక కరువు. జాన్ ఎవరెట్ క్లౌ దొర మిషనరీ కాకముందు సర్వేయరు పని నేర్చినవాడు. ఆ విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను ఆయన గుత్తకు తీసుకొన్నాడు. వేలమంది వచ్చి తవ్వారు, మోశారు, కూలి పుచ్చుకొని బతికారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు వారు కూలీల పక్కనే కూర్చుని మాట్లాడేవారు. కులం పేరు పెట్టి అదిలించే మేస్త్రీని తప్ప ఎఱుగని వారికి, మేస్త్రీ పక్కన కూర్చోవడమే ఒక వార్త.

ఇక్కడే అసలు విషయం ఉన్నది. సహాయం పంచుతున్నంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు అడిగినవారిని ఆగమన్నాడు. తిండికీ విశ్వాసానికీ ముడిపడకూడదని ఆయన జాగ్రత్త. 1878లో పంటలు తిరిగి మొదలై సహాయపు సొమ్ము ఆగిపోయిన తరువాత జనం తగ్గవలసింది. తగ్గలేదు. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా కదలలేదు. మాకు డబ్బు వద్దు, మావాళ్ళు చాలామంది పోయారు, మేము కూడా పోకముందే మమ్ములను చేర్చుకోండి అన్న అర్థంలో వేడుకొన్నారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకొన్నారు. క్లౌ ఒడ్డున నిలబడి చూసుకొన్నాడే గాని నీళ్ళలో దిగలేదు. ఆ యేడు ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

గంజి కోసం వచ్చినవాడు గంజి ఉన్నప్పుడు వస్తాడు. కుండ బోర్లించిన తరువాత రాడు. వెల్లంపల్లి లెక్కలు చెప్పేది ఇంతే.

అయినా నేను ఇక్కడితో వాదం ముగించను. ఆకలికీ భక్తికీ నడుమ ఇంత పెద్ద గోడ కట్టడమే సరికాదని నా మనవి. కడుపు నిండినవాడు దేవుణ్ణి వెదికితే అది తత్త్వజిజ్ఞాస, కడుపు కాలినవాడు వెదికితే అది బేరం అనే తీర్పు ఎవరిది? గజేంద్రుడు మొసలి నోట చిక్కిన తరువాతనే మొఱపెట్టాడు. ఆ మొఱను మనం తక్కువ భక్తి అనలేదు, పోతన చేత పద్యాలుగా విని తలకెత్తుకొన్నాం. కౌరవసభలో ద్రౌపది శరణాగతినీ కాదనలేదు. ఆపదలో పిలవడమే శరణాగతికి మొదటి లక్షణం అని మన సంప్రదాయం ఒప్పుకొన్నది. అదే కొలత గుండ్లకమ్మ ఒడ్డున నిలిచిన వారికి కూడా వర్తించాలి కదా!

ఆ జనానికి అక్కడ దొరికినదేమిటి? వాన దొరకలేదు, భూమి దొరకలేదు. చనిపోయిన బిడ్డలు తిరిగి రాలేదు. దొరికినవి కొన్నే. పేరు పెట్టి పిలిచే ఒక గుంపు. పక్కన కూర్చోనిచ్చే ఒక చాప. తమ భాషలో తమ కష్టం చెప్పుకొనే ప్రార్థన. బిడ్డ చేతికి పలక. దేవుడు తమవంటి పేదవాడై పశువుల తొట్టెలో పుట్టి, ఊరి వెలుపల చంపబడ్డాడన్న వార్త. ఊరి వెలుపల అన్న రెండు మాటలు అగ్రహారంలో ఎలా వినిపిస్తాయో నాకు తెలియదు గాని, ఊరి వెలుపల వాడలో అవి వేరుగా వినిపిస్తాయి.

అంతా బంగారమని కూడా అనను. సంఘాలలోకి కులం కూడా వచ్చి కూర్చున్నది, ఇంకా లేవలేదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా క్రైస్తవుల ఇంట పుట్టి, తెలుగు కవిత్వం చదివి, అటువారి చేతా ఇటువారి చేతా మాటలు పడ్డాడు. తన గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని దగ్గరకే పంపాడు. దిక్కు దొరికిందన్న చోట కూడా దిక్కులేనితనం మిగిలే ఉంటుందని ఆ మహాకవి జీవితం చెబుతుంది. అలాగే అన్నం పెట్టే చేతులు ఒక్క మతానివే కావు. 1866 నాటి కరువులో నేటి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ వాస్తవ్యుడు బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ చేసి వేలమందికి అన్నం పెట్టాడు. రాయలసీమ జానపదులు నేటికీ ఆయనను పాడుకొంటారు.

మా సీమకు తిరిగి వస్తాను. 1951 నుండి 1953 వరకు రాయలసీమలో మళ్ళీ పెద్ద కరువు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు గనుక దానికి గంజి కరువని పేరు వచ్చింది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' ఈ సీమ ఆకలిని కావ్యం చేసింది. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. సత్తు గిన్నె పట్టుకొని వరుసలో నిలబడిన సంగతి చెప్పేది. ఆ వరుసలో అన్ని కులాలవారూ ఉన్నారనీ, ఇంటిలో గింజ ఉన్న రోజుల్లో మా నీడ తగలనివ్వని ఒక పెద్దావిడ ఆ రోజు తన ముందు నిలబడి ఉన్నదనీ చెప్పేది. సర్కారు గంజి తాగిన వారందరినీ గంజి కోసం మారారని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఆకలి వేస్తే గంజి తాగడం మానవధర్మం, పోయడం అంతకంటే పెద్ద ధర్మం.

1969లో మరొకరు ఈ సీమకు వచ్చారు. బార్సెలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెస్విట్ సన్యాసిగా 1952లో బొంబాయి చేరి, మన్మాడు ప్రాంతంలో రైతులతో కలిసి బావులు తవ్వించాడు. ఆయన పలుకుబడి చూసి కిట్టనివారు 1968లో దేశం నుండి పంపివేయించారు. తిరిగి రానిచ్చినప్పుడు ఆయన వచ్చి చేరినది అనంతపురం. ఇక్కడ ఆయన దిగిన పాడుపడిన బంగళా గోడమీద, అద్భుతం కోసం వేచి ఉండు అన్న అర్థమిచ్చే మాట ఆంగ్లంలో రాసి ఉన్నదని ప్రసిద్ధి. ఆయన మాత్రం వేచి కూర్చోలేదు. 1970లో జెస్విట్ సభను విడిచి, ఆన్ పెరీని వివాహమాడి, ఆమెతో కలిసి గ్రామీణాభివృద్ధి సంస్థను నడిపాడు. మన జనం దానిని ఆర్డీటీ అంటారు. ఇళ్ళు, బడులు, చెక్‌డ్యాములు, కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లి ఆసుపత్రులు అలా వచ్చినవే. అక్కడ ఎవరినీ మతం మారమనలేదు. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. ఊరూరి నుండి వచ్చి ఏడ్చినవారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ప్రార్థన అంటే చేతులు జోడించడమే కాదు, గునపం పట్టడం కూడా అన్న పాఠాన్ని ఈ బండరాళ్ళ మీద ఆయన రాసిపోయాడు.

ఆ తరువాత కూడా మా కష్టం తీరలేదు. తొంబైల చివర నుండి బోర్లు ఎండి, అప్పులు పెరిగి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. వారిలో నా దగ్గర పద్యాలు వల్లెవేసిన పిల్లల తండ్రులున్నారు. దేవుని శరణు అనే మాట అటువంటి ఇంటి ముందు నిలబడి పలకగలిగితేనే దానికి విలువ. పలకడం సులువు కాదు. అంతా దేవుని చిత్తం అని చెప్పి వచ్చేయడం శరణు చూపించడం కాదు, తలుపు మూయడం. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్ళు నోరు మెదపక అతని పక్కన నేలమీద కూర్చున్నంతసేపూ మంచివారే. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకనే దేవుని కోపానికి గురైనారు.

నాకు తెలిసిన మా మండలంలోని చిన్న చిన్న మందిరాలలో రేకుల కప్పు, ఒక డోలు, ఒక కంజిర తప్ప మరేమీ ఉండవు. శనివారం రాత్రి ఉపవాస ప్రార్థనలో ఆడవారు ఒకరి తరువాత ఒకరు లేచి తమ సంగతి చెబుతారు. బోరు ఎండింది, కొడుకు బెంగుళూరు పోయి ఫోను చేయలేదు, ఆయన మళ్ళీ తాగుతున్నాడు, వడ్డీవాడు గడపలో కూర్చున్నాడు. విన్నవారు సలహా చెప్పరు. "ప్రభువా!" అంటారు. మఱునాడు ఉదయం ఎవరో ఒకరు ఆ ఇంటికి పోయి పొయ్యి వెలిగిందా లేదా చూసి వస్తారు. వెలగకపోతే సోలెడు బియ్యం పెడతారు. తమకు కూడా లేనప్పుడు అక్కడే కూర్చుని వస్తారు.

కోట అన్నది గోడలతో కట్టేదని రాజులు అనుకొన్నారు. మనుషులు ఒకరి భుజానికి ఒకరు భుజం ఆనించి నిలబడడం కూడా గోడేనని, ఆ గోడ వెనుక దేవుడున్నాడని ఆ మందిరాలలోని ఆడవారు నమ్ముతారు. ధాత కరువులో వారి ముత్తవ్వలు నమ్మినదీ అదే. మా ముత్తాత ఏ కరువులో మారాడని ఇప్పుడెవరైనా అడిగితే, ఏ కరువులోనైనా సరే, ఆయన బతికి, నా వరకు అక్షరం అందించిన దారి అది అని చెబుతాను. అటువంటి దారిని చిన్నబుచ్చవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఈ యేడైనా మా కంబదూరు చెరువు నిండాలని కోరుకొంటూ, స్వస్తి.